పేరు దగ్గరి నలుపు

మెరుపు అమ్మేవాళ్లను నేను నమ్మను. చౌరస్తా దగ్గరి షాపులో బల్ల మీద ఒక ఇత్తడి పళ్లెం ఉంది, సగం నల్లగా, సగం బంగారంలా. షాపాయన పాలిష్ మిషన్ ఆన్ చేసి మెరిసే సగం మీదే మళ్లీ తిప్పుతున్నాడు.

"చూడుండ్రమ్మా, ఎట్ల మెరుస్తాందో."

మెరిసేదాన్ని మెరిపించడానికి మిషన్ ఎందుకు? నల్ల సగం మీద పెట్టమన్నాను. అది రేపటి గిరాకీకి ఉంచాలట.

నేను వెళ్లింది మా అమ్మ ఇత్తడి చెంబుకు మిషన్ కొనడానికి. మడికొండలో కొత్త ఇల్లు కట్టుకున్న మా బిడ్డ దాన్ని హాల్లో పెట్టుకుంటానంది. చింతపండుతో తోమి చేతులు పాడుచేసుకోకు, మిషన్ కొనుక్కో అంది. ఆ చెంబు మెడ కింద చుక్కలు చుక్కలుగా అమ్మ పేరుంది, పెళ్లికి పుట్టింటివాళ్లు కొట్టించింది. పెళ్లయ్యాక ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మొదట ఫలానా ఇంటి కోడలు, తర్వాత నా తల్లి. ఇప్పుడా పేరు చెంబు మీద తప్ప ఎక్కడా లేదు. అది కూడా పోతే నేను తట్టుకోలేను.

అందుకే చెంబు ఇంట్లోనే ఉంచి, సంచిలో ఒక ఇత్తడి గ్లాసు వేసుకుపోయాను. దాని మీద మా ఆయన చెల్లెలు, మా ఆడబిడ్డ పేరుంది. మా గృహప్రవేశానికి ఇచ్చి, ఇచ్చానని ఊరంతా చాటింపు వేసిన గ్లాసు. పోతే పోనీ అనుకున్నాను.

షాపాయన పెద్ద మిషన్ తీసి, చక్రానికి పాలిష్ సబ్బు రాసి గ్లాసుకు ఆనించాడు. "నలుపు తప్ప ఏం పోదమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి."

కాసేపటికి గ్లాసులో నా ముఖం కనిపించింది. ఆడబిడ్డ పేరు కనిపించలేదు. వేలితో తడిమితే నున్నగా ఉంది.

"పేరేది?"

"పాతది గదమ్మా, అరిగింది. మళ్ల కొట్టిచ్చుకోవచ్చు."

ఆడబిడ్డ పేరు పోయినందుకు లోపల నవ్వుకోవాలి నిజానికి. నవ్వు రాలేదు, భయమేసింది.

స్పీడు తగ్గించుకునే వీలున్న చిన్న మిషన్ అడిగాను. అది నిమ్మళంగ పనిచేస్తది, యాష్టకొస్తది, ఇసుగు పుడ్తది అన్నాడు. నాకు నిమ్మళంగానే కావాలన్నాను. డబ్బా విప్పించి, నడిపించి చూశాకే తీసుకున్నాను.

ఇంట్లో ముందు చెంబు అడుగున చేసి చూశాను. మాటిమాటికీ ఆపి చక్రం మీది నలుపును చూశాను. అందులో మురికి ఎంతో, ఇత్తడి ఎంతో ఎవరు చెప్తారు? చివరికి చెంబంతా మెరిసింది, పేరు చుట్టూ అరచేతంత తప్ప.

ఆదివారం బిడ్డ వచ్చింది. చెంబును అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిక్కడ మర్చిపోయినవేందమ్మా?"

"మర్చిపోలే. ఉంచిన."

"మిషన్ గూడ ఇయ్యి. నేను చేసుకుంట."

కన్నబిడ్డే. చెంబు ఆమె చేతిలో పెట్టాను. మిషన్ బీరువాలో పెట్టి తాళం వేశాను.