టాపర్ కళ్ళు

మా కాలేజీకి ఆనర్ సొసైటీ వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. అందుకే అది నా నెత్తిన పడింది. సికింద్రాబాద్‌లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీ మాది. మీటింగుకి రానివాళ్ళకి కొత్త పనులు అంటగట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఎక్కడో విదేశంలో ఉన్న సంస్థ అది, దేశదేశాల్లో బాగా చదివే పిల్లల్ని ఏరి సభ్యులుగా చేర్చుకుంటుంది. బ్యాడ్జి పెడుతుంది, మెడలో మెరిసే కండువా వేస్తుంది, ప్రమాణం చేయిస్తుంది. ఆ పిల్లల్ని ప్రోత్సహించడం నా వంతు అన్నారు. ఫస్టు వచ్చేవాళ్ళని మెచ్చుకోవడానికి ఊరంతా ఉంది కదా, మధ్యలో నేనెందుకని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన నవ్వారు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు పని పెరుగుతుంది.

అధ్యక్షురాలు ఎవరన్నది ఆలోచించక్కర్లేదు. సెకండియర్‌లో లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే అమ్మాయి ఉంది. తండ్రి వర్క్‌షాప్‌లో ఫిట్టరు. చేరినప్పటి నుంచీ అన్నిట్లో ఆ పిల్లే ఫస్టు. నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. బోర్డు మీద లెక్క తప్పితే ముందు ఆమె మొహంలోనే తెలిసేది నాకు. ఆ పిల్లంటే నాకు ఇష్టం, దాచుకునేదేం లేదు.

చలికాలం మొదట్లో ఓ సాయంత్రం సొసైటీ మీటింగ్ అయిపోయింది. అందరూ వెళ్ళినా ఆమె బెంచీ మీదే కూర్చుంది. ఫ్రెండ్ వస్తది మేడమ్ అంది. ఆ ఫ్రెండ్ వెళ్ళిపోవడం నేను చూశాను. సరే నాతో రా అని మెట్ల దగ్గరికి వచ్చి వెనక్కి చూద్దును కదా, ఆ పిల్ల గోడ పట్టుకుని, కాలి బొటనవేలితో మెట్టు అంచు వెతుక్కుంటోంది. బల్బు వెలుగుతూనే ఉంది.

చెప్పు తెగిందా అన్నాను. గోడ మీంచి చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

"పొద్దుగూకినంక నాకు కనబడదు మేడమ్. ఇంట్ల చెప్పకుండ్రి, చదువు బంద్ చేపిస్తరు."

రేచీకటి. మా ఉత్తరాంధ్ర వైపు చిన్నప్పుడు ఎవరైనా గడప తన్నుకుంటే ఆ మాట అని నవ్వేవాళ్ళం. ఆ రోజు నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. ఇంటర్ నుంచి ఉందట, ఏడాదికేడాది పెరుగుతోందట. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నాను. బతిమాలింది. ప్రమాణం రోజు అమ్మానాన్నల ముందు స్టేజి మీద నిలబడాలి, అది అయిన మర్నాడే వస్తాను, అంతవరకూ ఎవరికీ చెప్పొద్దంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తన మాట తనది. ఒప్పుకున్నాను కానీ ఆ రాత్రి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

ఆ మధ్యలో తల్లి ఏదో పని మీద కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో అందరూ వినేలా, "మా బిడ్డ చదివి చదివి కండ్లు ఖరాబ్ చేసుకుంటుంది మేడమ్, జెర మీరన్న చెప్పుండ్రి" అంది. కొత్త గాజులు చూపించినంత మురిపెంగా అంది. కళ్ళకి మంచిదని రోజూ పొన్నగంటి కూర వండి పెడుతోందట. నా పక్క సీటు లెక్చరర్ వెంటనే, మా వాడూ అలా పాడుచేసుకుంటే ఎంత బాగుండునమ్మా అంది. అందరూ నవ్వారు. తల్లి పక్కనే నిలబడ్డ ఆ పిల్ల కూడా నవ్వింది. మార్కులు బాగా వచ్చే పిల్లకి మన ఇళ్ళల్లో జబ్బు కూడా ఘనతే అవుతుంది. అక్కడే అరిచేద్దామనిపించింది, ఇచ్చిన మాట అడ్డొచ్చింది.

అప్పటికి పగటిపూట కూడా తేడా మొదలైంది. ఎదురుగా ఉన్న అక్షరం చక్కగా చదివేది, పక్కనున్న కుర్చీ మాత్రం తన్నుకునేది. ఎండ వెలుగులో, క్లాసు మధ్యలో. పేరు చెప్పకుండా తెలిసిన కంటి డాక్టరుకి ఫోన్ చేసి అడిగాను. పక్కల చూపు మూసుకుపోతూ సూటిగా ఉన్నది మాత్రమే కనబడుతోందన్నమాట, ఆలస్యం చెయ్యకండి తీసుకురండి అంది ఆవిడ. ఆ మాట చెబితే ఆ పిల్ల, ఇంక ఎన్ని రోజులు మేడమ్, అయిపోవచ్చింది కదా అంది.

ప్రమాణం సాయంత్రం పూటే పెట్టారు. విదేశంలో ఉన్న ఆ సంస్థ పెద్దావిడ వీడియోలో కనిపించాలంటే అక్కడ తెల్లవారాలి కదా. అది చాలదన్నట్టు ప్రిన్సిపాల్ గారు హాల్లో లైట్లన్నీ ఆర్పి కొవ్వొత్తులతో చేయిద్దామన్నారు, వీడియో బాగా వస్తుందని. నేను వద్దన్నాను. నిప్పన్నాను, చున్నీలన్నాను, పిల్లలన్నాను. అసలు కారణం చెప్పలేని మనిషి మాటకి ఎంత బలం ఉంటుంది? మీరు అన్నిటికీ పరేషాన్ అవుతారు మేడమ్ అని ఆయన మళ్ళీ నవ్వారు. కొవ్వొత్తి ఇంకో అమ్మాయికి ఇద్దామని ఈ పిల్లని అడిగాను. "నేనే చేస్త మేడమ్. కండ్లు మూసుకొని సుత ప్రాక్టీస్ చేసిన" అంది.

ఆ సాయంత్రం తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చున్నారు. తండ్రి ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు. లైట్లు ఆరాయి. పెద్ద కొవ్వొత్తి నుంచి తన కొవ్వొత్తి వెలిగించుకుని, జనం వైపు తిరిగి ఆ పిల్ల ప్రమాణం చెప్పాలి. వెలిగించుకుంది. తిరిగింది. చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క మాట తడబడలేదు. కానీ గొంతు మాత్రం మావైపు రావడం లేదు, దేనికో తగిలి ఆగిపోతున్నట్టుంది. చుట్టూ తిరిగేసి స్టేజి వెనక గుడ్డ తెరకి ఎదురుగా నిలబడిందని నాకు అర్థమైంది. చేతిలో మంట తెర మడతల్ని దాదాపు తాకుతోంది. స్టేజి పక్కనున్న ఇంకో అమ్మాయిని కొవ్వొత్తి లాక్కోమని చెప్పి, స్విచ్ బోర్డు దగ్గరికి పరిగెత్తి అన్నీ ఒకేసారి వేశాను.

హాలంతా తెల్లగా అయిపోయింది. తెరకి మొహం పెట్టి, ఖాళీ చెయ్యి ఇంకా అలాగే పైకి పట్టుకుని, చివరి వాక్యం చెబుతోంది ఆ పిల్ల. పక్కన వీడియో స్క్రీన్ మీద విదేశీ పెద్దావిడకి ఏం అర్థమైందో, ఒక్కతే చప్పట్లు కొట్టింది.

నేను స్టేజి ఎక్కి చెయ్యి పట్టుకుని ఇటు తిప్పాను.

"లైట్లు ఎందుకేసిన్రు మేడమ్? అందరు చూసిన్రు" అంది నెమ్మదిగా.

చూడనీ, ఇంక దాచేదేం లేదు అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినబడింది. ఈలోగా తల్లి ముందు వరస నుంచి లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి స్టేజి మీదికి వచ్చింది. బిడ్డ పక్కనే, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా నిలబడి, ఏమైంది బిడ్డా, ఇటు చూడు అంది. ఆ పిల్ల మాట వినబడ్డ వైపు కళ్ళు తిప్పింది. ముందు తల్లిని దాటి పోయాయి, మళ్ళీ వెనక్కి వచ్చాయి, మళ్ళీ దాటి పోయాయి. నా వేళ్ళు గట్టిగా పట్టుకుని, ఆ వెలుగులో నన్నడిగింది.

"అమ్మ ఎక్కడున్నది మేడమ్?"