రెండో తల ఏది?

2023 చలికాలం. వనపర్తికి కొద్ది దూరంలో, ఆడపిల్లలు హాస్టల్‌లో ఉండి చదువుకునే ఒక డిగ్రీ కళాశాల. దాని పేరు రాయను. జరిగిన తప్పు నాది, కళాశాలను బజారుకు ఎక్కించడం ఎందుకు? నేను అక్కడ గ్రౌండ్ అటెండర్‌ని. కాగితాల్లో చెన్నమ్మ, పిల్లల నోట ఆయమ్మ.

గ్రౌండ్ అటెండర్ అంటే నీళ్లు మోసే మనిషి అనుకుంటారు. నీళ్లూ మోస్తాను. కానీ తెల్లవారగానే మైదానమంతా తిరిగి గులకరాళ్లు, పల్లేరుకాయలు ఏరేది నేనే. తాడు పట్టుకుని సున్నంతో గీతలు వేసేది నేనే. బంతిని బొటనవేలితో నొక్కి, గాలి చాలిందో లేదో చెప్పేదీ నేనే. ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా నా దగ్గరే ఉంటుంది. ఐస్ సంచి, దూది, పట్టీలు, నొప్పికి కొట్టే స్ప్రే. డబ్బా మూతకు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది. నేను నలభై ఏడేళ్లకు అక్షరాలు నేర్చుకున్న దాన్ని, ఏ కాగితం కనబడినా వదలను. దాన్ని రెండుసార్లు చదివాను. తలకు దెబ్బ తగిలితే వెంటనే ఆట నుంచి బయటికి తేవాలి, ఆ రోజు మళ్లీ ఆడించరాదు అని ఉంది. నా లెక్కలో తలకు దెబ్బ అంటే నెత్తురు కారడం. నెత్తురు లేకపోతే అది దెబ్బే కాదు.

ఆ డిసెంబరులో మా ఫుట్‌బాల్ జట్టు కళాశాలల పోటీలో ఫైనల్‌కు వెళ్లింది. మొదటిసారి! హాస్టల్ వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని గంతులేశారు. ఫైనల్ నాగర్‌కర్నూల్‌లో. ఎదుటి జట్టు కార్నర్ కిక్‌లలో గట్టిది. కార్నర్ కిక్ అంటే మైదానం మూల నుంచి బంతిని గోల్ ముందుకు ఎత్తి కొట్టడం. ఆ ఎత్తు బంతిని నుదుటితో కొట్టడాన్ని హెడర్ అంటారు. కాబట్టి ఆటలు నేర్పే సునీత మేడం, పిల్లలు పీడీ మేడం అంటారు, రోజూ పొద్దున హెడర్లే చేయించారు. ఎన్ని అన్న లెక్క లేదు. మెడలు పట్టేసేదాకా.

ఆ జట్టుకు గోడ రేణుక. గట్టు అనే ఊరి పిల్ల, రెండో సంవత్సరం, డిఫెండర్, అంటే గోల్ దగ్గరికి ఎవరినీ రానివ్వని మనిషి. జొన్న దంటులా పొడుగు. ఫైనల్ చూసే యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేస్తారని అందరికీ తెలుసు. పైగా వాళ్ల నాన్న, ఇంతవరకూ ఒక్క ఆట చూడనివాడు, ఈసారి వస్తున్నాడు. ఆ సంగతి రేణుక నాకు దెబ్బ తగిలిన రోజు పొద్దున, గీతలు వేస్తుండగానే చెప్పింది.

ఫైనల్‌కు ఇంకా నాలుగు రోజులు. ఆ పొద్దున పిల్లలు రెండు జట్లుగా విడిపోయి మంటలా ఆడారు. ఒక కార్నర్‌కు రేణుక ముందుకు ఉరికి, ఎగిరి, నుదుటితో కొడితే గోల్! వల చిరిగిందా అనిపించింది! నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి నన్ను నేల మీంచి లేపింది కూడా. ఆ తర్వాత రెండో మూడో కార్నర్ అది. బంతి పైనుంచి దిగుతోంది. రేణుక ఎగిరింది. అటు నుంచి శబానా కూడా ఎగిరింది. శబానా మా స్ట్రైకర్, గోల్స్ కొట్టే పిల్ల. ఇద్దరూ బంతినే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోలేదు.

కొబ్బరికాయను కొబ్బరికాయతో కొట్టినట్టు చప్పుడైంది.

ఇద్దరూ కూలబడ్డారు. నేను డబ్బా పట్టుకుని గీత దాకా ఉరికాను. నెత్తురు లేదు. ఇద్దరూ తల పట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషంలో గీత దగ్గరి నుంచే అరిచాను.

"ఇంకోపారి తగిలించుకోండ్రే! లేకుంటే కొమ్ములొస్తయ్!"

మా దగ్గర చిన్నప్పటి నుంచి ఇదే కదా. రెండు తలలు ఒకసారి తగిలితే కొమ్ములు మొలుస్తాయి, వెంటనే రెండోసారి తగిలించుకుంటే మొలవవు. జట్టంతా అందుకుంది. "కొమ్ములు! కొమ్ములు!" అని చప్పట్లు. శబానా రేణుక చెవులు పట్టుకుని, "రావే నా బర్రె!" అని మళ్లీ ఒకటి తగిలించింది. మెల్లగా ఏమీ కాదు. మేడం కూడా నవ్వారు. ఆట సాగింది.

కాసేపటికి రేణుక నీళ్లకు వచ్చింది. "ఆయమ్మా, మా నాయన ఫైనల్‌కు వస్తుండంట" అంది.

"ఎరుకేనే, పొద్దున చెప్తివి గదా."

తాగి వెళ్లింది. రెండు నిమిషాలు కూడా కాలేదు, మళ్లీ వచ్చింది. గ్లాసు తీసుకోలేదు. అదే నవ్వు, అదే గొంతు. "ఆయమ్మా, మా నాయన ఫైనల్‌కు వస్తుండంట, తెల్సా?"

డబ్బా మూత తెరిచాను. కాగితంలో, తలకు దెబ్బ గుర్తుల కింద, మూడో వరుస. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం. అది నేను రెండుసార్లు చదివిన వరుసే! అప్పటికి రేణుక మళ్లీ మైదానంలో ఉంది. ఇంకో కార్నర్‌కు బంతి పెడుతున్నారు.

ఆట నడుస్తుండగా గీత దాటకూడదు. పదకొండేళ్ల ఉద్యోగంలో ఒక్కసారి దాటలేదు. ఆ రోజు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మైదానం నడిమధ్యకు ఉరికాను. వెళ్లి బంతి మీద కాలు పెట్టాను.

"చెన్నమ్మా! ఏందిది? ఆట నడుస్తుంటే లోపలికొస్తవా?" మేడం విజిల్ నోట్లోంచి జారిపోయింది.

"ఆపుండ్రి మేడం. రేణుకకు తల బాగలేదు."

"ఏం గాలే మేడం!" అని రేణుకే అరిచింది. "ఆయమ్మ ఊకెనే పరేషాన్ అయితుంది."

"విన్నవా? ఆ పిల్లనే ఏం గాలేదంటుంది. నాలుగు రోజులే ఉన్నయ్ చెన్నమ్మా, జర పక్కకు జరుగు."

"జరుగుత మేడం. ఒక్కటడుగుండ్రి దాన్ని. ఇందాక గోల్ ఎవలు కొట్టిన్రో."

మేడం విసుగ్గానే రేణుక వైపు తిరిగారు. "చెప్పవే. గోల్ ఎవలు కొట్టిన్రు?"

రేణుక గోల్ వైపు చూసింది, మా వైపు చూసింది. "గోలా? ఇంకా ఎవలు కొట్టలే గదా మేడం."

వల వెనక నిలబడ్డ పిల్లల నవ్వు టక్కున ఆగింది. మేడం ముఖం సున్నంలా తెల్లబడింది. "ఆటోను పిలువుండ్రి" అన్నారు.

వనపర్తి దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. కళ్లలోకి లైటు వేసింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, నెలల పేర్లు వెనక నుంచి చెప్పించింది. రేణుక జూలై దగ్గర ఆగిపోయింది. స్కాన్ తీశారు. లోపల నెత్తురు లేదన్నారు. మేము ఊపిరి పీల్చుకునేలోపే డాక్టరమ్మ అడిగింది.

"దెబ్బ ఎన్నిసార్లు తగిలింది?"

"ఒక్కసారే" అన్నారు మేడం.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల మంచం అంచున కూర్చుని, ఎందుకు వచ్చామో తెలియని చూపు చూస్తోంది.

"రెండుసార్లు డాక్టరమ్మా" అన్నాను. "రెండోది నేను కొట్టించిన. కొమ్ములొస్తయని."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. తిడుతుందని తల వంచాను. "మా అమ్మ కూడా మాతో అలాగే చేయించేది" అంది మెల్లగా. "తలలో మెదడు గిన్నెలో పెరుగులాంటిదమ్మా. గిన్నె పగలకపోయినా పెరుగు కదులుతుంది. దీన్ని మేము కంకషన్ అంటాం. స్కాన్‌లో కనబడదు. అది కుదుటపడకముందే మళ్లీ కదిలిస్తే ప్రమాదం. మీరు చెప్పడం మంచిదైంది." రాసుకుంటూ రాసుకుంటూ తల ఎత్తింది. "సరే, రెండో తల ఏది?"

నేను, మేడం ముఖాలు చూసుకున్నాం.

"రెండు తలలు కదా ఢీకొన్నది? ఒక తలే తెచ్చారు. రెండోది ఏది?"

మేడం ఫోన్ తీశారు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కారు. అవతల గోల్‌కీపర్ పిల్ల ఎత్తింది. ఆ గొంతు నాకు కూడా వినిపించింది. "శబానానా మేడం? హెడర్లు కొడుతుంది. ఇయ్యాల మస్తు కొడుతుంది మేడం, ఆగుతలేదు!"

"ఆపుండ్రే దాన్ని!" దవాఖాన వరండా అంతా మా వైపు తిరిగింది. "ఆపుండ్రి! కూసోబెట్టుండ్రి! పట్టుకొని కూసోబెట్టుండ్రి!"

అరగంటలో శబానాను తీసుకొచ్చారు. వెలుతురుకు కళ్లు చికిలిస్తూ వచ్చింది. ఢీకొన్నప్పటి నుంచి తలనొప్పి అట. వికారంగా కూడా ఉందట.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"రేణుకను తీస్కపోయిన్రు. నేను గూడ పోతే ఫైనల్ ఎవలు ఆడ్తరు ఆయమ్మా?"

ఇద్దరికీ ఒకే మాట చెప్పింది డాక్టరమ్మ. ముందు విశ్రాంతి. నొప్పి పూర్తిగా పోయాక నడక. నడిచినా నొప్పి రాకపోతే పరుగు. తర్వాత బంతి. అన్నిటికన్నా చివర హెడర్. ఏ మెట్టు మీద తల నొచ్చినా కింది మెట్టుకు దిగాలి. నాలుగు రోజుల్లో ఫైనల్ మాట ఎత్తవద్దు. రేణుక ఏడ్చింది, బతిమాలింది. ఏడుస్తూనే నన్ను చూసి, "నీ వల్లనే" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిల్లలిద్దరూ కళ్లు మూసుకుని ఉన్నారు. మేడం నా వైపు తిరిగారు.

"ఇద్దర్నీ కూసోబెడితే ఓడిపోతం చెన్నమ్మా."

"ఓడిపోతం మేడం."

"అయితే ఓడిపోదాం పా" అన్నారు.

ఫైనల్ రోజున నాగర్‌కర్నూల్ మైదానంలో రేణుక వాళ్ల నాన్న తిమ్మప్ప నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు. "అక్కా, పత్తి ఏరుడు ఇడిసిపెట్టి, మూడు బస్సులు మారి వస్తి. నా బిడ్డ కుర్చీల కూసునుడు సూడనీకి వస్తినా?"

జరిగిందంతా చెప్పాను. కొమ్ముల సంగతి దాచలేదు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "రెండోపారి కొట్టించింది నువ్వే?"

"నేనే తమ్మీ."

"మల్ల ఆట ఆపిచ్చింది?"

"అది గూడ నేనే."

"లెక్క బరాబరే అయితే" అని నా పక్కనే కూలబడ్డాడు. విజిల్ మోగిన ఐదు నిమిషాలకు లేచి నిలబడ్డాడు. మన్ననూర్ నుంచి వచ్చిన ఒక పొట్టి పిల్ల రేణుక స్థానంలో ఆడుతోంది. "ఎవలే గా పొట్టిది? కుందేలు తీర్గ ఉరుకుతుంది! పో బిడ్డా! పో!" అని తువ్వాలు తిప్పుతుంటే రేణుక సిగ్గుతో, "కూసో నాయనా!" అని ఆయన చొక్కా లాగింది.

ఎంత ఆట ఆడారు మా పిల్లలు! కడదాకా ఒక్క గోల్ ఇవ్వలేదు. చివరి నిమిషాల్లో వాళ్లకు కార్నర్ వచ్చింది. బంతి ఎత్తుగా వచ్చింది. మా పొట్టి పిల్ల ఎగిరింది, అందలేదు. ఒక్క గోల్‌తో ఓడిపోయాం. రేణుక గోళ్లు నా మణికట్టులో దిగబడ్డాయి. "నేనుంటే గా బంతి నాదే ఆయమ్మా" అంది. నిజమే. ఆ బంతి దానిదే. యూనివర్సిటీ జట్టు జాబితాలో ఆ ఏడు దాని పేరు రాలేదు. రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు.

సెలవుల తర్వాత మేడం సాధన పద్ధతి మార్చారు. హెడర్లు వారానికి రెండు రోజులే. మనిషికి ఐదు, అవీ మెత్తటి బంతితో. ఎవరికి ఎన్ని అయ్యాయో చెప్పే పని నాది. తల తగిలిన పిల్ల ఎంత నవ్వినా బయటికే, దానితో పాటు రెండో తల కూడా. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటుంది. దెబ్బ తగిలిన పిల్లను "బాగున్నవా" అని అడగకూడదు. ఆడాలని ఉన్న పిల్ల ఎప్పుడైనా బాగున్నాననే అంటుంది, అబద్ధం చెబుతున్నానని దానికే తెలియదు. జవాబు నాకు ముందే తెలిసిన ప్రశ్న అడగాలి. గోల్ ఎవరు కొట్టారు? పొద్దున ఏం తిన్నాం? పక్కన నిలబడింది ఎవరు? ఇప్పుడు ఆ ప్రశ్నలు పిల్లలే ఒకరినొకరు అడుగుతారు.

రేణుక మెట్టు తర్వాత మెట్టు ఎక్కింది. ఒకసారి పరుగు దగ్గర తల నొచ్చి నడకకు దిగింది, అలిగి అన్నం మానేసింది, మళ్లీ ఎక్కింది. జనవరి చివర ఒక పొద్దున డాక్టరమ్మ సరేనన్నాక హెడర్‌కు వచ్చింది. ఒకటి. రెండు. ప్రతిసారీ ముఖం చూశాను. మూడు. నాలుగు. ఐదోది వల మూలకు వెళ్లి తగిలింది! జట్టంతా కేకలు.

అదే ఊపులో శబానా మూల నుంచి ఇంకో బంతి ఎత్తింది. అంత చక్కటి బంతి నేను అంతకుముందు చూడలేదు. సరిగ్గా రేణుక నుదుటి మీదికే వస్తోంది. గోల్ ముందు ఎవరూ లేరు. అది ఆరోది. నేను "ఐదైనయ్" అనడానికి నోరు తెరిచాను. రేణుక మోకాళ్లు వంచింది, ఎగరబోయింది, ఆగింది. ఒక అడుగు వెనక్కి వేసి, బంతిని ముందు పడనిచ్చింది.

నేను చప్పట్లు కొట్టాను. ఏ గోల్‌కూ అంత గట్టిగా కొట్టలేదు.