డీ డ్రైవులో నాలుగేళ్లు

"పోయిందా, ఉండాదా? ఒక్క మాటలో చెప్పు అమ్మీ!" అని పద్మప్రియ అడిగింది.

అది 2006. కడపలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఫిరోజాకు ఈ ప్రశ్న కొత్త కాదు. పద్మప్రియ ల్యాప్‌టాప్ తెరిచిన పది నిమిషాలకే బిగుసుకుపోతోంది. మెట్ట సేద్యం మీద ఆమె నాలుగేళ్లుగా రాసిన పరిశోధన గ్రంథం అందులోనే ఉంది. తిరుపతి యూనివర్సిటీలో సమర్పించాల్సింది మర్నాడే.

"దసరాకు దీనికి ఆయుధపూజ గూడా చేస్తిగదా!"

"పూజ చేస్తివి సరే, కాపీ యాడ చేసినావక్కా?"

రేడియోలు బాగుచేసే తండ్రి దగ్గర పని నేర్చిన ఫిరోజాకు పూజల కన్నా పార్టిషన్ల మీద నమ్మకమెక్కువ. కొత్త ల్యాప్‌టాప్ ఎవరు తెచ్చినా హార్డ్ డిస్కును రెండు భాగాలు చేసేది. మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ సీ డ్రైవులో, మనిషి రాసుకున్నవన్నీ వాటంతటవే డీ డ్రైవులో చేరేలా. పద్మప్రియకూ నాలుగేళ్ల కిందట అలాగే చేసిచ్చింది. ఆమెకది గుర్తే లేదు.

"పొయ్యి పక్కన పత్తిమూట పెడతారా ఎవరన్నా?" అంటూ ఫిరోజా సీని పూర్తిగా తుడిచేసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించింది. డీ తెరిస్తే అధ్యాయాలన్నీ ఉన్నాయి.

పద్మప్రియ కుర్చీలో కూలబడి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "బతికించినావే అమ్మీ!" అంటూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తిరుపతి బస్సుకు పరుగెత్తింది.

రిపేరు కూలి మూడువందల యాభై ఇంకా ఇవ్వలేదు.