నాచు కడిగిన రూతమ్మ టీచర్

మొన్న మంగళవారం పొద్దున జగ్గయ్యపేటలో నా తాళ్ళ కొట్టు తెరుస్తుండగా ఫోన్ వచ్చింది. నందిగామలో రూతమ్మ టీచర్ తుదిశ్వాస విడిచారని. నమ్మడానికి మనసు ససేమిరా అంది. ముందురోజే కదా, "ఒరే ఖాదరూ, సన్నతాడు ఇంకా పంపలేదేంట్రా?" అని నాకు చీవాట్లు పెట్టారు!

చందర్లపాడులో మిరప కూలీల ఇంట జన్మించి, నందిగామలో తరతరాల పిల్లలకు సైన్సు బోధించిన విదుషీమణి ఆమె. నేనూ ఆ బెంచీల మీద మొట్టికాయలు తిన్నవాణ్ణే. మా మెట్టవాళ్ళకు సముద్రమంటే పటంలో నీలిరంగు. అలాంటిది పదవీ విరమణ చేశాక, వేట నిషేధ కాలంలో పొయ్యి వెలగని మత్స్యకార కుటుంబాలకు నాచు సాగు నేర్పుతానని తీరానికి బయల్దేరారు. తాళ్ళు నావి, వ్యాను నాది, తిట్లు ఆమెవి.

వెదురు తెప్పలకు తాళ్ళు బిగించి, వాటికి నాచు ముక్కలు కట్టి సముద్రంలో వదలాలి. పెరిగాక కోసి, ఎండబెట్టి అమ్ముకోవాలి. మేం మొదట వెళ్ళిన పల్లె ఆడవాళ్ళు ఆ ఏటి నిషేధాన్ని దాని మీదే గట్టెక్కాలనుకున్నారు.

విత్తనపు నాచు దూరం నుంచి వచ్చింది, ఇసుక పట్టి, వాడిపోయి. టీచర్‌కు ప్రాణం ఉసూరుమంది. మిరపనారు నాటేముందు తడిపినట్టు, చేతిపంపు నీళ్ళతో దాన్ని శుభ్రంగా కడిగారు. బిందెలు మోసింది నేనే. సముద్రపు మొక్కకు మంచినీళ్ళే విషమని మా ఇద్దరికీ తట్టలేదు. నాలుగు రోజుల్లో నాచంతా తెల్లగా పాలిపోయి, తాళ్ళ నుంచి జారి నీళ్ళపాలైంది.

"నీళ్ళు వేడెక్కాయని చెప్దాం టీచర్" అన్నాను, పిరికివాణ్ణి.

"సముద్రం మీద నెపం వేస్తావేంట్రా? కడిగింది నేను" అని నేరుగా ఆ ఆడవాళ్ళ ముందుకెళ్ళి నిలబడ్డారు. తప్పంతా చెప్పారు. నా బిందెల ఊసు మాత్రం ఎత్తలేదు.

వాళ్ళ పెద్ద నాంచారమ్మ ఖాళీ తాడొకటి చేతిలోకి తీసుకుంది. దాన్ని చూపిస్తూ, "మా పిల్లల కూడు కడిగేశావు గదమ్మా" అంది.

ఆ మాట టీచర్‌ను జీవితాంతం వదల్లేదు. మళ్ళీ విత్తనం సంపాదించేదాకా, ఆ తెప్పలు నిండేదాకా ఆమె ఆ పల్లె విడిచి రాలేదు. నిషేధం ముగిసేలోపు తొలి కోత ఒడ్డున ఎండింది. అప్పటి నుంచి ఏ ఊళ్ళో శిక్షణ ఇచ్చినా, "ముందు నా తప్పు చెప్తా, తర్వాత పాఠం చెప్తా" అనేవారు.

చందర్లపాడులో సమాధి కార్యక్రమానికి నాంచారమ్మ బృందం వచ్చింది. పూలదండలు లేవు. బకెట్‌లో సముద్రపు నీళ్ళు, అందులో ఎర్రటి నాచు. ఎండకు వాడుతోందనుకుని టీచర్ తమ్ముడు పాపం మంచినీళ్ళ సీసా వంచబోయాడు. నాంచారమ్మ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు బాబూ, చచ్చిపోద్ది. మొదట్లో మాకూ తెలవక, మేమే కడిగి చంపుకున్నాం."

మేమే అంది. టీచర్ పేరెత్తలేదు.

బిందెలు మోసిన నేను పక్కనే ఉన్నాను. ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట ఆమె సమాధి ముందు అందరికీ వినబడేలా చెప్పేశాను: "నీళ్ళు తెచ్చింది నేనండి." టీచర్, మీరు లేని ఈ లోకంలో మీ శిష్యుడు ఒప్పజెప్పిన మొదటి పాఠం ఇదే.