తెల్లగున్న పిలగాడు

నా కొడుకు అయిదో నెలలో ఉన్నప్పుడు మా అత్త వాడిని చంకనేసుకుని రఘునాథపల్లిలో ఇల్లిల్లూ తిరిగేది. "మా మనుమడు దొరబాబు లెక్క ఎంత తెల్లగున్నడో సూడుండ్రి" అని మురిసిపోయేది. మా ఇంట్లో అందరం చామనఛాయ. వీడొక్కడే ఇలా ఎందుకున్నాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. దిష్టి తగులుతుందని అత్త చెంపకు ఇంత కాటుక కూడా పెట్టేది. ఆఖరికి పాలు తాగే ఓపిక కూడా లేకుండా వాడు సోలిపోతుంటే జనగామ దవాఖానకు ఎత్తుకుపోయాం. డాక్టరమ్మ వాడి కింది రెప్ప వంచింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టుంది.

తలసేమియా అంది. రక్తాన్ని తయారుచేసే జన్యువులో నాకొక మార్పు ఉందట, మా ఆయనకూ అదే ఉందట. ఒక్కరి నుంచే వస్తే పైకేమీ తెలియదు. ఇద్దరిదీ బిడ్డకు వస్తే వాడి బతుకంతా ఊరివాళ్ల రక్తం ఎక్కించుకోవడమే. "మేనరికమా?" అని అడిగింది. మేనరికమే, అత్త అంటే మా నాయిన సొంత చెల్లెలు. అంతటితో ఆగారా మావాళ్లు? కుండమార్పిడి కూడా! నన్ను అత్త కొడుక్కి ఇచ్చి, అత్త బిడ్డను రేగొండలో ఉన్న మా తమ్ముడికి ఖాయం చేసుకున్నారు.

ఆ పెండ్లికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించమని నెత్తీనోరూ కొట్టుకున్నాను. అత్త భగ్గుమంది.

"పెండ్లికి పరీక్షలేంది? నా బిడ్డకు ఏం రోగమున్నదని? ఈ పెండ్లి ఆగితే నీ కొడుకునెత్తుకొని నువ్వు గూడ మీ నాయిన ఇంటికి నడువ్!"

కుండమార్పిడిలో అంతే, ఒక కాపురం చెడితే రెండోది నిలవదు. ఆ మాట తమ్ముడి చెవిన పడింది.

"గా పరీక్ష ముచ్చట ఇడిసిపెట్టక్కా. నీ సంసారం ఖరాబ్ చేసి నేనేం బాగుపడ్త?" అన్నాడు.

పిచ్చి సన్నాసి! నా కోసం తాళి కట్టాడు.

మొన్న వాడి కొడుక్కి అన్నం ముట్టిస్తుంటే రేగొండ పోయాం. గడపలో కాలు పెట్టానో లేదో ముందే చేరిన అత్త కేకేసింది.

"రా, రా, నీ మేనల్లుడు ఎంత తెల్లగున్నడో సూడు!"

పరమాన్నం నోటికందిస్తే పిల్లాడు చప్పరించను కూడా లేదు, తల వాల్చేశాడు. ఒళ్లోకి తీసుకుని, కంట్లో నలక పడిందని అబద్ధమాడి, కింది రెప్ప వంచాను. సున్నం. ఓరి దేవుడా, నీకు కండ్లున్నాయా అసలు?

తమ్ముడు పిల్లాడిని చూడడం లేదు, నా మొహమే చూస్తున్నాడు.

"ఏమున్నదక్కా?"

"రేపు మావోనికి రక్తం ఎక్కిచ్చే రోజురా. వీన్ని గూడ తీస్కొని జనగామకు రా" అన్నాను.

వాడు అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు. అత్త కాటుకడబ్బా తెచ్చి పిలగాడి చెంపకు చుక్క పెట్టింది.