ఎవరు వస్తున్నారో చూసే హక్కు

ఫీనిక్స్ బే రేవు దగ్గర ఒక ప్రైవేటు బోటు ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. డేటాబేస్ పని నాకెవరూ నేర్పలేదు. పద్దులు కంప్యూటర్లోకి మారినప్పుడు నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరు ఏది చూడాలి, ఎవరు ఏది మార్చాలి అన్న అనుమతులు చివరికి నా చేతికే వచ్చాయి.

ఒక సాయంత్రం మా టికెట్ కౌంటర్‌లో పనిచేసే ఆవిడ అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరకు వచ్చింది. భర్త కొడుతున్నాడని పగలంతా బోటు ప్రయాణమంత దూరంలోని మాయాబందర్ నుంచి వచ్చేసి, ఇక్కడికి దగ్గర్లో తుష్నాబాద్‌లో పుట్టింట్లో ఉంటోంది. కూతురు మాత్రం అక్కడే అత్తగారి దగ్గర ఉండిపోయింది. భర్త మా మాయాబందర్ ఆఫీసులోనే పార్సెల్ గుమాస్తా.

“అన్నా, రేపు బోటుకి నేను పోతన్నాను. పాపని తెచ్చేసుకుంటాను. ప్యాసింజర్ లిస్టు ఆయనకి కనపడకూడదు. వస్తన్నానని తెలిస్తే పాపని ఎక్కడికో పంపేస్తాడు.”

“వేరే పేరు మీద టికెట్ తీసుకోకూడదా?”

“ఐడీ కార్డు చూస్తారు కదన్నా. ఆ చూసేది నేనే,” అని నవ్వబోయి ఆగిపోయింది.

అతని లాగిన్ మొత్తం తీసేస్తే పార్సెళ్ల పని ఆగిపోతుంది. లిస్టు చూసే అనుమతి మాత్రం తీసేశాను. తీసేశాక అతని అధికారాలతోనే తెరిచి పరీక్షించాను. లిస్టు తెరుచుకుంది.

అతనికి విడిగా ఇచ్చిన అనుమతి పోయింది కానీ, ‘అందరికీ’ అని ఇచ్చినది ఇంకొకటి మిగిలే ఉంది. ఈ దీవుల్లో బోటు వస్తోందంటే జెట్టీ మీద ప్రతివాళ్లూ “ఎవరొస్తున్నారు భయ్యా?” అని అడుగుతారు. అడిగినవాళ్లకు ఎవరైనా చెప్పగలగాలని మా యజమాని ఎప్పుడో తెరిపించాడు. దాన్ని మూసి, టికెట్ కౌంటర్ల వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చాను. మళ్లీ పరీక్షించాను. ‘అనుమతి లేదు’ అని వచ్చింది. ఆవిడ వంగి ఆ మాటను తనే చదువుకుంది.

మర్నాడు పొద్దున్నే బోటు కదిలింది. జెట్టీ దాటితే ఫోను పనిచేయదు. మధ్యాహ్నం, ఎవరెవరు ఏం తెరిచారో నమోదయ్యే లాగ్ చూశాను. అతను లిస్టు తెరవబోయాడు. అనుమతి లేదు. మళ్లీ తెరవబోయాడు. మళ్లీ.

పాత రోజులు వెనక్కి తిప్పాను. ఆవిడ పుట్టింటికి వచ్చిన దగ్గర్నుంచి అతను లిస్టు చూడని రోజు లేదు. రోజూ తెరుచుకునేది ఈ రోజే మూసుకుంది.

మాయాబందర్ కౌంటర్ అమ్మాయికి ఫోన్ చేశాను.

“హా అన్నా, ఇందాక వచ్చాడు. ‘నా లిస్టు తెరుచుకోట్లేదు, నీది?’ అన్నాడు. నాది ఠీకే ఉంది భయ్యా అన్నాను.”

“చూపించావా?”

“అడగనే లేదు. ‘అయితే వస్తోందన్నమాట’ అని వెళ్లిపోయాడు. ఎవరొస్తున్నారన్నా, మంత్రిగారా?”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“పార్సెల్ రూముకి తాళం. బైకు కూడా లేదు.”

కౌంటర్ మూసేసి అతని తల్లి ఇంటికి వెళ్లి, పాప ఉందో లేదో చూడమన్నాను. ఆ కౌంటర్ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసేదాకా లేవకుండా కూర్చున్నాను.

“ఇంట్లో ఎవరూ లేరన్నా. తీగ మీద పాప గౌను ఉంది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.”

బోటు అప్పటికింకా సముద్రంలోనే ఉంది.