అందరూ అంటే ఎవరని అడిగిన టీచరమ్మ

మొన్న బజారుకు పోతుంటే ఒక ఇంట్లోంచి గంజి వాసన వచ్చింది. నూలుకు పట్టించే గంజి. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసనకు నాకు మగ్గం కన్నా ముందు ఎస్తేరు టీచరమ్మ గుర్తొస్తుంది. ఆమెను మీరెవరూ చూడలేదు. నాకు సంతకం వరకే వచ్చు కనుక, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ల తర్వాతి సంగతి. కరీంనగర్‌లో మా ఇంటి ముందు గది ఆమె కిరాయికి తీసుకుంది. వాళ్లది లక్సెట్టిపేట, నాయన చర్చి పాస్టరు. ఈమె కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేది. సాయంత్రం నేను అరుగు మీద రాట్నం తిప్పి నూలు కండెలు చుడుతుంటే పక్కన కూర్చుని జర్మనీ వాళ్లు, ఫ్రాన్సు వాళ్లు రాసిన పుస్తకాలు చదివేది. అందులో ఏముందని అడిగితే, నాలాంటిదానికి ఎందుకని అనుకోకుండా చెప్పేది.

"పెద్ద యుద్ధంల ఊర్లకు ఊర్లే చంపిన్రు లచ్చవ్వా. ఎందుకని అడిగితే హుకుం వచ్చింది, అందరు చేసిన్రు, మేం చేసినం అన్నరు. మరి చంపిందెవరు? గదే ఈ పుస్తకాలు రాసినోళ్ల పరేషాన్."

"హుకుమిచ్చినోడే గదమ్మా!"

"మరి చేతులెవరియి?"

రాట్నం ఆపి నా చేతుల వైపు చూసుకున్నాను.

ఆ ఏడే జ్వరమొచ్చి నా పెనిమిటి పోయాడు. ఇద్దరు పిల్లలు, అత్త, ఒక మగ్గం మిగిలాయి. మగ్గం మీది పడుగు, అంటే నిలువు నూలు, అయిపోయినప్పుడల్లా పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. ముండమోసినది అతికితే మగ్గానికి కీడని మాలో పద్ధతి. నేయడానికి పనికొస్తాను, అతకడానికి పనికిరాను. పక్కింటి ముత్తయిదువకు తీరిక దొరికేదాకా మగ్గం ఆగేది, దాంతో పాటే పొయ్యీ ఆగేది.

"ఎవరు ముట్టొద్దన్నరు?" అన్నది టీచరమ్మ.

"అందరు అంటరు."

"ఒక్కల పేరు చెప్పు." వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి మొదటి వేలి దగ్గరే ఆగాను. "పోయి దేవులాడు. దొరికితే నాకు చెప్పు."

కులపెద్ద మల్లయ్య మామ దగ్గరికి పోయాను. "నేనెందుకంట బిడ్డా? వాడకట్టోళ్లు అంటరు గని," అన్నాడు. వాడకట్టు ఆడవాళ్లను అడిగితే, "మాకేం ఫికరే? మల్లయ్య ఊకుంటడా?" అన్నారు. నవ్వుకుంటూ ఇంటికొచ్చి, "ఎవ్వరు లేరు! రేపు నేనే అతుకుత," అని అరిచాను.

మూలనుంచి మా అత్త అన్నది: "నేనంటున్న."

లేచి నా ఎదుటికొచ్చింది. "నీ మొగడు కడుపుల ఉండంగనే నా మొగడు పాయె. మగ్గం దిక్కు చెయ్యి చాపలే. వాళ్ల వీళ్ల కాళ్లు మొక్కి అతికిచ్చుకున్న. ఇయ్యాల నువ్వు ముడితె ఏం గాకపోతె, నేను గన్నేండ్లు ఎందుకు కూసున్ననే?"

టీచరమ్మ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె పుస్తకం మూసింది. నీ చేతులు నీవి, ముట్టు అంటుందనుకున్నాను.

"నీది నువ్వే తేల్చుకోవాలె, ఇంకొకలు తేల్చరు అని ఒకాయన రాసిండు. ఎదుటిమనిషి ముఖం చూసినంక అది నీ ఒక్కదానిది కాదని ఇంకొకాయన అంటడు. నేను గా ఇద్దరి నడుమనే ఉన్న లచ్చవ్వా. నాకు తెల్వది. గని అందరితోని మాట్లాడలేం, ఒక్కలతోని మాట్లాడొచ్చు. పోయి మీ అత్తకాడ కూసో."

పోయి కూర్చున్నాను. పడుగు ఊసెత్తలేదు. ఆ రోజులు ఎట్లా గడిచాయని అడిగాను. అత్తను ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు లేరు. చెబుతూ చెబుతూ నా ఒడిలో తలపెట్టి ఏడ్చింది.

మర్నాడు పొద్దున, పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని పోగు పట్టుకున్నాను. అత్త గోడవైపు తిరిగి కూర్చుంది. చేతకాక తెంపుతూనే ఉన్నాను. చాలాసేపటికి, గోడతో అన్నట్టు, "గంత గుంజకు. నీ మొగడు గూడ గట్లనే తెంపెటోడు," అన్నది. ఇటు తిరగలేదు. చచ్చేదాకా తాను ఒక్క పోగు అతకలేదు, నన్ను వద్దనలేదు. మల్లయ్య మామ వచ్చి అందరూ ఏమంటారోనని నసిగితే మాత్రం, "అనేటోళ్లను నా కాడికి తోలు," అన్నది.

టీచరమ్మ ఆదిలాబాద్‌కు బదిలీ అయి పోయింది, మళ్లీ కలవలేదు. ముట్టుకోమని ఆ రోజు ఆమె గట్టిగా చెప్పి ఉంటే నేను అత్త మీద గెలిచి ఊరుకునేదాన్ని. అంత చదివిన మనిషి తెలియదని ఒప్పుకుంది కనుకే నాకు అత్త దక్కింది. ఇప్పుడు కోడళ్లు తగువు తెచ్చి నన్ను తీర్పు చెప్పమంటారు. నాకు తెలియదంటాను. ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆమెను చూసే నేర్చుకున్నాను.